వరుస సంఖ్య పంతొమ్మిది

వంక గట్టున కానుగ కొమ్మకు గొడుగు కట్టుకుని
మూడు పగళ్లు, మూడు రాత్రులు కూర్చున్నాను.
దినకూలి ఐదువందల యాభై, టీ ఖర్చు నాదే.
పోయే ప్రతి బండికీ ఒక గీత.
నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం,
అది ఐదు.

హేమాద్రి సారు ముందే చెప్పినాడు:
కారైతే ఒకటి. లారీ మూడు.
ట్రాలీ తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర.
ఎద్దులబండి ఎనిమిదంట,
నిదానంగా పోతుంది గదా, దారిని జాస్తిసేపు తింటుంది.
సైకిలు అర.
"నడిచిపోయేవాళ్లో సార్?"
"వాళ్లకు గడి లేదబ్బా."

మొదటిరోజే పైన యాడో వాన పడి
వంక వచ్చింది,
తొడలోతు, ఎర్రగా, ఎవరో తరుముతున్నట్టు.
ఆ రోజు కాగితం నిండా సున్నాలు.
తోతాపురి కాయల లారీ ఒకటి అవతలి గట్టున నిలబడి
హారను కొట్టి కొట్టి
పద్దెనిమిది కిలోమీటర్లు చుట్టుకుని గుజ్జు ఫ్యాక్టరీకి పోయింది.
ఆ మూడు మార్కులు
ఇంకో రోడ్డు ఖాతాలో పడ్డాయి.

చెంగమ్మ పాలక్యాను నెత్తికెత్తుకుని
చెప్పులు చంకలో ఇరికించుకుని
నీళ్లను కాలితో తడుముకుంటా వచ్చింది.
గట్టెక్కి కొంగు పిండుకుంటా,
"ఏం రాస్తా ఉండావు నాయనా?"
"ఈడ బ్రిడ్జి కావాల్నా వద్దా అని చూస్తా ఉండారు మా."
"ఎట్ల చూస్తారు?"
"ఎన్ని బండ్లు పోతాయో లెక్కబెట్టి."
ఆమె వంకను చూసింది. నన్ను చూసింది.
"బ్రిడ్జి లేందే బండ్లెట్ల పోతాయి?"

ఈ మాటకూ గడి లేదు.

రాత్రి సెల్లు వెలుగులో
కాగితం తిరగేసి వెనకవైపు గీయడం మొదలుపెట్టాను.
తమ్ముడి సంచి ముందు దాటించి
తిరిగొచ్చి తమ్ముణ్ణి దాటించిన పిల్లోడు, రెండుసార్లు.
మంచం మీద ఒక ముసలాయన, మోసేవాళ్లు నలుగురు.
ఐదు గీతలా, ఒకటా?
ఐదు గీసి, నాలుగు చెరిపి, మళ్లీ గీశాను.
మూడోనాటికి కింద రాశాను:
చెప్పులు చేతబట్టి దాటినవాళ్లు రెండువందల పన్నెండు.

చిత్తూరులో మీటింగు.
ఫైళ్లు మోయడానికి నన్నూ పిలిచారు.
ముప్పై ఒక్క పనులు, తొమ్మిదింటికే డబ్బు.
అన్నీ దొంగ పనులని అనలేను.
మొదటిది ఆసుపత్రి రోడ్డు,
ఆ గుంతల్లో ఆటోలోనే కాన్పయిన ఆడమనిషి
గోడవారన బిడ్డతో నిలబడి ఉండింది.
ఎవరు కాదంటారు?
ఇరవై రెండోది మాత్రం,
కల్యాణమండపం ముందర పోయే తారురోడ్డు,
వడకూ టీకీ మధ్య నాలుగోదైంది.
ఎవరి గొంతూ లేవలేదు. పెన్సిలు కదిలిందంతే.
మా వంక పంతొమ్మిది.
నా కాగితం వెనకవైపు
ఎవరూ తిప్పలేదు.

మరుసటేడు హేమాద్రి సారు
ఏమనుకున్నాడో ఏమో,
"ఆ వెనక రాసింది ముందుకు ఎక్కించు" అన్నాడు.
రిమార్కుల గడిలో చిన్నక్షరాలతో ఇరికించాను.
పంతొమ్మిది పద్నాలుగైంది.

పాలసెంటరు కాడ చెంగమ్మకు చెప్పినాను.
"పద్నాలుగా. డబ్బు ఎన్నిటిదాకా ఉండాది?"
"తొమ్మిదిదాకా."
వేళ్ల కణుపుల మీద బొటనవేలు నడిపించింది.
"ఏటికి ఐదు ఎక్కినాది గదా.
అయితే వచ్చే ఏటికి మనదే."

జాబితా ఏటేటా మొదటినుంచీ రాస్తారని,
కొత్త ఏడు కొత్త పెన్సిలని
నోటిదాకా వచ్చింది.
ఆమె అప్పటికే క్యాను మూత బిగించి
చెప్పులు విడిచి
చంకలో పెట్టుకుంటా ఉండింది.